దీపం దగ్గర వణికిన చేయి

తాగితేనే తత్వం పాట బాగా పలుకుతుందని నేను పన్నెండేళ్లు నమ్మాను. మాటవరసకు అనడం కాదు, గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం ఎలా పట్టుకుందో, ఎలా వదిలిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మాల వేసుకుని మందు మానాలనుకునేవాళ్లు మా పక్క చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని ఆశ.

మాది కడప జిల్లా, మైదుకూరు పక్కన పల్లె. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. మా నాయన హార్మోనియం వాయించేవాడు, నేను పాడతాను. బ్రహ్మంగారి మఠం మాకు దగ్గరే కాబట్టి భజన అంటే మాకు ముందు తత్వాలే. వైశాఖ శుద్ధ దశమికి మఠం ఉన్న కందిమల్లాయపల్లెలో ఆరాధన జరుగుతుంది, స్వామి 1693లో జీవసమాధి అయిన తిథి అది. చిన్నప్పుడు నాయన భుజం మీద కూర్చుని ఆ జనాన్ని చూసినవాణ్ణి.

మా పల్లెల్లో ఎవరన్నా చనిపోతే రాత్రంతా శవం దగ్గర భజన చేస్తాం. పందిరి కింద చాప, ఒకరి చేతిలో చెక్కలు, ఒకరి దగ్గర డోలక్, మధ్యలో హార్మోనియం. పదకొండు దాటాక ఆ ఇంటివాళ్లే ఎవరినో పంపి వెనక కొట్టం దగ్గరికి పిలిపిస్తారు. స్టీలు గ్లాసులు, క్వార్టర్ బాటిళ్లు, వేయించిన చెనిక్కాయలు. రాత్రంతా పాడేవాళ్లకు అది మర్యాద. రెండు గ్లాసులు దిగాక నా గొంతు విచ్చుకునేది. కట్టె కాలిపోయేదే, నీదీ నాదీ అనేదేమీ లేదు అనే భావం వచ్చే చరణం దగ్గర నాకు కన్నీళ్లు ఆగేవి కావు. నాకూ ఆ శవానికీ, నాకూ ఆ పందిరి గుంజకూ తేడా లేదనిపించేది. చావు ఇంటివాళ్లు నా చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్లు.

అది అబద్ధమని ఇప్పటికీ అనను. అలా అనిపించడం నిజమే. కానీ తెల్లారేసరికి అందులో చిటికెడు కూడా మిగిలేది కాదు. ఒకరోజు పొద్దున ఇంటికొచ్చేసరికి నా భార్య గూట్లో డబ్బా బోర్లించి కూర్చుని ఉంది. "రాత్రి దేవుని పాట పాడి అందర్నీ ఏడిపించినావంట. ఈడ పాప ఫీజు డబ్బులు కనపడల్యా" అంది. గట్టిగా కూడా అనలేదు. నేను ఏం చెప్పకుండా షాపుకు పోయి షట్టరు సగం దించుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి మళ్లీ తాగాను.

ఎవరన్నా అడిగితే చెప్పడానికి మాటలు సిద్ధంగా ఉండేవి. జాతరకు అమ్మవారికే సారా సాక పోస్తాం గదా అనేవాణ్ణి. ఉజ్జయినిలో కాలభైరవునికి మందే నైవేద్యం గదా అనేవాణ్ణి. సురాపానం పంచమహాపాతకాల్లో ఒకటని మా పురోహితుడు చెప్తే, అది మన లాంటి కష్టజీవులకు కాదులే అని దాటేసేవాణ్ణి. సాక పోయడమంటే నేల మీద పోసేది. మన చేతిలోది మనకు కాకుండా చేసుకునేది. మేము దాన్ని నోట్లో పోసుకుని అమ్మవారి పేరు చెప్పినాం. ఈ మాట నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

బయటి కట్టడి లోపలి మార్పు కాదని నాకు చిన్నప్పుడే తెలిసి ఉండాల్సింది. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చినప్పుడు నాకు పదహారేళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లతో మొదలైన పోరాటం అక్కడిదాకా తెచ్చింది. మా అమ్మ ఆ రోజు టెంకాయ కొట్టింది. మా నాయన కొన్నాళ్లు ఇంట్లోనే ఉండి, చేతులు వెనక్కి కట్టుకుని, వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేవాడు. తర్వాత నాటుసారా ఎక్కడ దొరుకుతుందో తెలుసుకున్నాడు. 1997లో నిషేధం సడలించేనాటికి ఆయన ముందుకంటే ఎక్కువ తాగుతున్నాడు.

నేను మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నది 2014 కార్తీకంలో. అప్పటికి రోజూ పొద్దున ఒకటి పడకపోతే చేయి తీగ పట్టేది కాదు. మాల ముందురోజు రాత్రి, రేపట్నుంచి ఎట్లా లేదు గదా అని, స్నేహితులతో కూర్చుని కడుపు నిండా తాగాను. మా పక్క చాలామంది చేసే పనే అది. తెల్లవారుజామున చన్నీటి స్నానం చేసి, నల్లబట్టలు కట్టుకుని, గుడిలో గురుస్వామి చేత మాల వేయించుకున్నాను.

మూడో రోజు సాయంత్రం పూజలో దీపం వెలిగించే వంతు నాకొచ్చింది. అగ్గిపుల్ల గీశాను. చేయి వత్తి దగ్గరికి పోవడం లేదు. మంట అటూ ఇటూ ఊగుతోంది. ఒళ్లంతా చెమట. గుండె ఎక్కడో చెవుల్లో కొట్టుకుంటోంది. వత్తి చుట్టూ చిన్న చిన్న పురుగులు పాకుతున్నట్టు కనిపించింది. పుల్ల వేలు దాకా కాలింది, నాకు తెలియలేదు. గురుస్వామి నా భుజం పట్టుకుని "స్వామీ, అయ్య నీ మీదికొచ్చినాడు. కన్నెస్వామికి ఇంత తొందరగా కరుణ దొరకడం నేను చూడలేదు" అన్నాడు. చుట్టూ స్వాములు శరణుఘోష ఎత్తుకున్నారు. నేను నమ్మాను. ఎందుకు నమ్మను? అంతకంటే నమ్మాలనిపించే మాట ఇంకేముంటుంది.

ఐదారు రోజులకు వణుకు తగ్గింది. మిగిలిన రోజులు హాయిగా గడిచాయి. నేల మీద పడక, ఒంటిపూట భిక్ష, ఎవరు ఎదురైనా 'స్వామీ' అని పిలవడం. ఆ పిలుపు మనిషిని నిజంగానే కొంచెం మార్చుతుంది. పాపను కూడా 'స్వామీ' అని పిలిచేవాణ్ణి, అది నవ్వేది. నా భార్య ఆ నలభై ఒక్క రోజులూ రాత్రిపూట తలుపు గడియ వేసి నిద్రపోయింది. నేను ఎప్పుడొస్తానో అని మెలకువగా ఉండాల్సిన పని లేకపోయింది. పంబలో మునిగి, ఇరుముడి నెత్తిన పెట్టుకుని, పద్దెనిమిది మెట్లు ఎక్కి, నెయ్యి అభిషేకం చేయించి వచ్చాను. ఊరికొచ్చి మాల తీసిన రోజు సాయంత్రమే తాగాను. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఎవరూ బలవంతం చేయలేదు. మెడ ఖాళీగా ఉంది, అంతే.

రెండో ఏడు కత్తిస్వామి, మూడో ఏడు గంటస్వామి, నాలుగో ఏడు గదస్వామి. ప్రతి ఏడూ అదే వరస. ప్రతి ఏడూ మూడో రోజు వణుకు అంతకుముందు కంటే ఎక్కువ. నేను దాన్ని భక్తి పెరుగుతోందని లెక్క వేసుకున్నాను.

2018లో రెండో రోజే పడిపోయాను. గుడి అరుగు మీద కూర్చుని ఉన్నానట, నాలుక కొరుక్కుని, కాళ్లూ చేతులూ కొట్టుకున్నానట. ఆటోలో వేసుకుని తీసుకుపోయారు. ముందు పోయిన చోట సెలైన్ బాటిల్, అందులో గ్లూకోజ్ పెట్టబోతుంటే మా బావమరిది ఎందుకో ఒప్పుకోలేదు, పెద్దాసుపత్రికే పోదామన్నాడు. అది నా అదృష్టమని తర్వాత తెలిసింది. ఏళ్ల తరబడి తాగినవాడి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ముందు ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది.

పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల వార్డులో తొమ్మిది రోజులు ఉన్నాను. అక్కడి డాక్టరమ్మ నా మెడలో మాల చూసి, తీయమనలేదు. ఎన్ని ఏళ్లు వేసుకున్నానో అడిగింది. మూడో రోజు ఏమవుతుందో నేను చెప్పకముందే ఆమే చెప్పింది. చివరి గ్లాసు తాగిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వస్తే సాధారణంగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, మనిషి తికమకపడతాడు, ప్రాణం కూడా పోవచ్చు. రోజూ మందు పోస్తుంటే మెదడు దానికి ఎదురు తొక్కుతూ అలవాటు పడుతుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ తొక్కుడు మాత్రం మిగిలి, నరాలన్నీ రేగిపోతాయి. తాగడం, ఉన్నట్టుండి ఆపడం, మళ్లీ తాగడం ఇలా పదేపదే జరిగితే ప్రతిసారీ ఆ రేగడం ముదురుతుంది. "నాలుగేండ్లు మీరు చేసింది అదే. దీక్ష తీసుకోండి, తప్పులేదు. కానీ ముందు మా దగ్గరికి రండి. వారం పది రోజులు మాత్రలు ఇచ్చి, కొంచెం కొంచెంగా తగ్గించి దింపుతాం. తర్వాత మాల వేసుకోండి" అంది.

ఆ రాత్రి నేను పడ్డ బాధ ఇంకెప్పుడూ పడలేదు. ఒంటి బాధ కాదు. నాలుగేళ్లుగా నా మీదికి దేవుడు వచ్చాడనుకున్నది మందు దిగిపోవడమా? కన్నీళ్లతో తత్వం పాడింది మందు ఎక్కడమా? ఎక్కినా దేవుడే, దిగినా దేవుడే అనుకున్నానే, మరి నాకంటూ ఉన్న భక్తి ఎంత? మంచం పక్కన కింద దుప్పటి పరుచుకుని నా భార్య పడుకుని ఉంది. ఆమెను లేపి అడగాలనిపించింది. ఏమని అడగాలో తెలియలేదు.

ఇంటికొచ్చాక పదహారు నెలలు చుక్క ముట్టలేదు. మాత్రలు వేసుకున్నాను. భజనకు పోవడం మానేశాను, దేవుడి గూటి వైపు చూడటం మానేశాను. ఆ పదహారు నెలలు గురించి నిజం చెప్పాలంటే, తాగినప్పటి కంటే నాతో బతకడం కష్టమని నా భార్య వాళ్లమ్మతో అంది, నేను విన్నాను. ప్రతిదానికీ కసురుకునేవాణ్ణి. నేను మానేశాను గదా, ఇంకేం కావాలి మీకు అన్నట్టు ఉండేవాణ్ణి. మందు పోయింది, మందు వెనక దాచుకున్నవన్నీ అలాగే ఉన్నాయి: అప్పులు, అబద్ధాలు, మా నాయన మీది కోపం. 2020లో లాక్‌డౌన్ పెట్టి, మే 4న మందు షాపులు తెరిచినప్పుడు ధర దండిగా పెంచారు. ఆ ఎండలో, ఆ క్యూలో నేను కూడా నిలబడ్డాను.

మా షాపు పక్కన పంక్చర్ షాపు దూదేకుల అబ్బాయిది. నాకు తమ్ముడి లెక్క. బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య మా ఇంటి మనిషేనన్నా అంటుంటాడు. ఒకరోజు నేను షాపులో తాగి, బెంచీ మీద పడుకుని తత్వం పాడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. "మాకు కూడా మందు ఒక్కసారే వద్దనలేదన్నా. ముందు, దాంట్లో లాభం కంటే పాపం ఎక్కువని చెప్పినారు. ఆ తర్వాత మత్తులో నమాజుకు రావద్దన్నారు, నువ్వేం పలుకుతాండావో నీకు తెలిసేదాకా రావద్దని. పూర్తిగా మానమనింది దాని తర్వాతే" అన్నాడు. కాసేపాగి, "ఇప్పుడు పాడినావే, ఆ పాటకు అర్థమేందన్నా?" అని అడిగాడు.

చెప్పబోయాను. రాలేదు. పన్నెండేళ్లు పాడిన పాట. ఏడుపు వచ్చే చరణం ఏదో తెలుసు, గొంతు ఎక్కడ ఎత్తాలో తెలుసు. అది ఏం అడుగుతోందో, ఎవరిని అడుగుతోందో ఒక్కసారి కూడా ఆగి చూడలేదు. వాడు ఎగతాళికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. అందుకే అంత లోతుగా దిగింది.

ఈసారి దారి తెలుసు కాబట్టి ముందు ఆసుపత్రికే పోయాను. మాత్రలతో దింపుకున్నాను. దారి తెలియనివాళ్లకు 14446 అని కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, డబ్బులు పడవు. బయటికొచ్చాక, వార్డులో పరిచయమైన ఒకాయన నన్ను ఫోన్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల తెలుగు మీటింగులో కలిపాడు. రాత్రి భోజనాలయ్యాక గంటసేపు. పేరు చెప్పి, నేను మద్యం రోగిని అని చెప్పి, నీ కథ చెప్పాలి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. 1935లో అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే ఒకాయన, ఒక సర్జన్, ఇద్దరు తాగుబోతులు, ఒకరికొకరు చెప్పుకుని మానడంతో మొదలైందట. పన్నెండు మెట్లు ఉంటాయి. అయ్యప్పకు పద్దెనిమిది ఎక్కినవాడికి మెట్లంటే కొత్త కాదు గానీ, ఇవి వేరు. దేవుణ్ణి నీకు అర్థమైన విధంగానే నమ్ముకో అంటారు. మొదటి మెట్టు, ఇది నా వల్ల కాదు అని ఒప్పుకోవడం. నలభై ఒక్క రోజులు నిష్ఠగా ఉండగలిగినవాడికి అది ఒప్పుకోవడం చాలా కష్టం. ఉండగలనని రుజువు చేసినాను గదా అనే అహంకారమే నన్ను మాల తీసిన ప్రతి సాయంత్రం తాగించింది.

నాకు దారి చూపే పెద్దాయన ఒకసారి ఒక సంగతి చెప్పాడు. కార్ల్ యుంగ్ అనే స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు 1961లో ఈ సంస్థ మొదలుపెట్టినాయనకు ఉత్తరం రాశాడట. లాటిన్‌లో మద్యానికీ, ఉన్నతమైన దైవానుభవానికీ ఒకటే మాట, స్పిరిటస్ అని. తాగుబోతు దాహం అడుగున ఉన్నది పూర్ణత్వం కోసం పడే దాహమేనని. అది విన్నప్పుడు ఆసుపత్రిలో నిద్రపట్టని రాత్రి గుర్తొచ్చింది. వణుకు దేవుడిది కాదు. కానీ ఆ వణికే చేత్తోనే దీపం వెలిగించాలని చూశానే, ఆ కోరిక మాత్రం నాదే. దాన్ని నాలుగేళ్లు తప్పు గ్లాసులో వెతికాను.

నాలుగో మెట్టు దగ్గర ఆరు నెలలు ఆగిపోయాను. మనలోని లోపాలనూ, చేసిన తప్పులనూ దాచకుండా వెతికి రాయాలి. షాపు బిల్లు పుస్తకాన్ని తిరగేసి వెనక వైపు నుంచి రాయడం మొదలుపెట్టాను. ఇంతకాలం నా ఆధ్యాత్మికత అంతా పైకి ఎక్కడమే: కొండ ఎక్కడం, మెట్లు ఎక్కడం, గొంతు ఎత్తడం. ఈ రాయడం కిందికి దిగడం. పాప ఫీజు డబ్బు ఎన్నిసార్లు తీశానో రాశాను, పదకొండు సార్లు. మా నాయన ఆఖరి రోజుల్లో ఆయన మందు మాత్రల డబ్బు ఏం చేశానో రాశాను. అది ఇక్కడ రాయలేను. రాసినవన్నీ ఆ పెద్దాయనకు ఫోన్‌లో చదివి వినిపించాను. మూడు గంటలు పట్టింది. మధ్యలో ఆయన ఒక్క మాట అనలేదు, వింటున్నాడని తెలిసేలా అప్పుడప్పుడు ఊ అన్నాడు.

మందు లేకుండా మొదటిసారి భజనకు కూర్చున్న రాత్రి చాలా చప్పగా అనిపించింది. గొంతు ఎండిపోయింది, చరణం మధ్యలో భయమేసింది, కన్నీళ్లు రాలేదు. కొట్టం దగ్గరికి పిలిచినప్పుడు రాలేనని చెప్పి పందిరి కిందే ఉండిపోయాను. అక్కడ నేనూ, శవమూ, ఆ ఇంటి ముసలమ్మా మిగిలాం. ఆమె నన్ను చూసి "నీళ్లు తాగుతావా నాయనా" అంది. చనిపోయింది ఆమె భర్త. పన్నెండేళ్లలో ఎన్ని చావు ఇళ్లలో పాడానో, అంతవరకూ ఒక్క ఇంట్లోనూ చనిపోయినవాళ్ల భార్య పక్కన నేను ఊరికే కూర్చోలేదు. ఆ రాత్రి కూర్చున్నాను. ఆయన పెళ్లినాటి సంగతి ఏదో చెప్పింది.

ఇప్పుడు షాపులో కాయిల్ చుట్టేటప్పుడు లెక్క తప్పడం లేదు. మామూలుగా నేను చేసే ఒక సైజు మోటారుకు కాయిల్‌కు నలభై రెండు చుట్లు. తాగినప్పుడు ముప్పై దగ్గరే లెక్క పోయేది, చూపు అందాజాతో చుట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఒక్కో చుట్టుకూ ఒక నామం. ఫోన్ మోగినా ఎత్తను. నాకు జపం కుదిరింది ఇక్కడే, పీఠం ముందు కాదు.

బిల్లు పుస్తకంలో రాసుకున్నవాటిలో ఒకటి 2017 నాటిది. కేసీ (కర్నూలు-కడప) కాలువకు దూరంగా, బోరు మీదే పసుపు పెట్టిన ఒక పెద్దాయన మోటారు కాలిపోతే నా దగ్గరికి తెచ్చాడు. కొత్త తీగకు డబ్బులు తీసుకున్నాను. ఆ డబ్బు తాగి, వేరే మోటారులోంచి తీసిన పాత తీగ చుట్టి ఇచ్చాను. పదిరోజులకు నాలుగు వందల అడుగుల లోతున మళ్లీ కాలిపోయింది. ఓల్టేజీ లోపం అని చెప్పాను. ఆయన నమ్మాడు. మోటారు పైకి తీసి, బాగు చేయించి, మళ్లీ దింపేసరికి ఎకరా పసుపు ఎండిపోయింది.

చెప్పాలని ఆయన ఇంటికి పోయినప్పుడు గోడ మీద ఫోటోకు దండ వేసి ఉంది. కొడుకు బయటికొచ్చాడు. అరుగు మీద నిలబడే అంతా చెప్పాను. అతను సగంలోనే నా చొక్కా పట్టుకున్నాడు. "ఆ ఏడు తెచ్చిన అప్పు మా నాయన పోయేదాకా తీరల్యా, తెల్సునా నీకు" అన్నాడు. తెలియదన్నాను. అతని తల్లి లోపలి నుంచి వచ్చి చేయి విడిపించింది. వారం తర్వాత అతనే లెక్క కట్టి ఎంతో చెప్పాడు. నేను తగ్గించమని అడగలేదు.

ప్రతి నెలా ఐదో తేదీన ఇచ్చి వస్తున్నాను. ఇంకా తొమ్మిది నెలలు ఉంది. అతను వాకిట్లోకి వచ్చి, తీసుకుని, లెక్కపెట్టుకుని లోపలికి పోతాడు, మాట్లాడడు. పోయిన నెల మాత్రం లోపలికి పోబోతూ ఆగి, ముఖం అటే పెట్టుకుని, బోరు మోటారు రెండు రోజుల నుంచి ఏదో చప్పుడు చేస్తాంది అన్నాడు. చెప్పులు అక్కడే వదిలి, పంపు సెట్టు వైపు నడిచాను.